అండమాన్‌లో పగడాల తోట

మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళకు సముద్రమంటే మద్రాసు మెరీనా బీచే. పెళ్ళికో, ఆసుపత్రికో పోయినప్పుడు సాయంత్రం అట్లా ఇసుకలో కూర్చుని, సుండల్ తిని, చీర కుచ్చిళ్ళు తడుపుకొని వచ్చేస్తాం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట వైపు వచ్చి కలవడంతో తిరుపతి జిల్లాకూ ఒక సముద్రతీరం వచ్చిందనుకోండి. కానీ ఒడ్డున నిలబడి చూడటం వేరు, సముద్రం మధ్యకు పోయి చూడటం వేరు. ఆ రెండోది నాకు నలభై ఆరో ఏట దక్కింది. అందులోనూ నీళ్ళ పైన చూసింది తక్కువ, నీళ్ళ కింద చూసింది ఎక్కువ. ఆ నీళ్ళ కింది సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఎల్.టి.సి. వాడుకోకపోతే పోతుందంటే, 2025 జనవరిలో అండమాన్‌కు అనుకున్నాం. మావారు, నేను, మా అత్తమ్మ. మద్రాసు నుంచి విమానమెక్కితే రెండు గంటల పైచిలుకు, అంతే. కానీ మా అత్తమ్మ ఓడ ఎక్కాలని పట్టుబట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి. "కొండకు నడిచి ఎక్కినదాన్ని, ఓడ మెట్లు ఎక్కలేనా" అంది. సరే, పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు కూడా ఓడే.

మేం అండమాన్ పోతున్నామని తెలిసినప్పటినుంచి మా వీధిలో ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తెమ్మని చెప్పడం మొదలుపెట్టారు. ఒకావిడకు వలంపురి శంఖం కావాలి. ఎదురింటావిడకైతే తెల్లటి పగడపు రాళ్ళు రెండు, టీవీ పక్కన గాజు బీరువాలో పెట్టుకోవడానికి. "అక్కడ ఒడ్డున ఊరికే పడుంటాయంట గదా వదినా, సంచీలో వేసుకుంటే అయిపోతుంది" అంది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మద్రాసు రేవు నుంచి అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడకు రెండున్నర రోజులు, సముద్రం బాగాలేకపోతే మూడు రోజులూ పడుతుంది. ప్రభుత్వం నడిపే ప్రయాణికుల ఓడలివి. అన్నిటికంటే చవక బంకు తరగతి. పెద్ద హాలులో రైలు బెర్తుల మాదిరి వరసగా పడకలుంటాయి. మేం తలుపున్న గది తీసుకున్నాం. అత్తమ్మకు బాత్‌రూమ్ దగ్గరగా ఉండాలి కదా. మొదటి సాయంత్రం తెచ్చుకున్న పులిహోర తిని, పైన డెక్కు మీద నిలబడితే మద్రాసు దీపాలు మెల్లగా నీళ్ళలో మునిగిపోయినట్టు కనబడకుండా పోయాయి. ఆ తర్వాత ఎటు చూసినా నీళ్ళే. మన వైపు వెయ్యడుగులు బోరు వేసినా చెమ్మ తగలని చేలున్నాయి. అట్లాంటి ఊళ్ళో పుట్టినదానికి అన్ని నీళ్ళు ఒక్కచోట చూస్తే కొంచెం కోపం కూడా వస్తుంది, నిజం చెప్తున్నాను.

రెండోరోజు కడుపులో తిప్పడం మొదలైంది. నాకు, మావారికి. అత్తమ్మకు ఏమీ కాలేదు. ఆవిడ పైన కుర్చీ వేయించుకొని ఎగిరే చేపల్ని లెక్కపెడుతూ కూర్చుంది. పిచ్చుకల గుంపు మాదిరి నీళ్ళలోంచి లేచి, కొంతదూరం గాలిలో పోయి మళ్ళీ నీళ్ళలో పడతాయి. ఓడ క్యాంటీన్‌లో అన్నం, పప్పు, చపాతీ దొరుకుతాయిగానీ కారం ఉండదు. ఇంటినుంచి తీసుకుపోయిన ఊరిబిండి మమ్మల్ని కాపాడింది.

మూడోరోజు దిగిన ఊరు పేరు మీ అందరికీ పోర్ట్ బ్లెయిర్‌గానే తెలుసు. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. దిగగానే నాకు వినిపించిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఏటండి, ఆటో కావాలా?" శ్రీకాకుళం తెలుగు! తర్వాత తెలిసింది, 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగేనట. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల పనికి, కూలిపనికి వచ్చి స్థిరపడినవాళ్ళు. కూరగాయల బజారులో బేరం మొత్తం తెలుగులోనే ఆడాను. వాళ్ళ మాట నాకు, నా మాట వాళ్ళకు నవ్వు తెప్పించింది. నేను "ఎర్రగడ్డలు" అంటే అమ్మే ఆవిడ బీట్‌రూట్ చూపించింది.

సెల్యులార్ జైలు చూశాం. దాని గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను. ఒక్కటి మాత్రం చెప్తాను. మన అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం వీరుల్లో కొందరిని తెచ్చి ఉంచింది ఇక్కడే. ఆ కొట్ల ముందర నిలబడి అత్తమ్మ చెప్పులు విడిచింది.

ఇక అసలు విషయానికి వస్తాను. నాలుగోరోజు పొద్దున్నే వండూరు పోయాం. ఊరినుంచి బస్సులో గంట ప్రయాణం. దారిలో సిప్పీఘాట్ అనే చోట రోడ్డుకు పక్కన పెద్ద చెరువు మాదిరి నీళ్ళు, అందులో అక్కడక్కడా ఎండిన మోడులు. చెరువు కాదట. 2004 డిసెంబరు 26కు ముందు అవన్నీ వరి పొలాలు. ఆ రోజు భూకంపానికి ఇక్కడి నేల దాదాపు మూడడుగులు కుంగిపోయింది. సునామీతో వచ్చిన ఉప్పునీళ్ళు మళ్ళీ వెనక్కు పోలేదు. విచిత్రం చూడండి, ఉత్తర అండమాన్‌లో నేల ఇందుకు తిరకాసుగా పైకి లేచింది. అక్కడ సముద్రం అడుగునున్న పగడాలు నీళ్ళలోంచి బయటపడి, ఎండకు మాడి చచ్చిపోయాయి.

వండూరు నుంచి పడవెక్కితే మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం మొదలవుతుంది. 1983లో పదిహేను దీవుల్ని కలిపి ఏర్పాటు చేశారు. అందులో జాలీ బాయ్ అనే దీవికి మమ్మల్ని తీసుకుపోయారు. అక్కడ మనుషులెవరూ ఉండరు. సంవత్సరంలో సగం నెలలు ఈ దీవికి, మిగతా నెలలు రెడ్ స్కిన్ అనే ఇంకో దీవికి మాత్రమే జనాన్ని పోనిస్తారు. మన చేలకు ఒక పంట విరామం ఇచ్చినట్టన్నమాట.

పడవెక్కే ముందు సంచీలన్నీ తడిమి చూస్తారు. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. మంచినీళ్ళ బాటిలుకు డబ్బు కట్టించుకుని, తిరిగి వచ్చి ఖాళీ బాటిలు చూపిస్తే వెనక్కిస్తారు. అత్తమ్మ నిప్పట్లు కట్టిన కవరు బయటపడింది. "నిప్పట్లు కూడా పోనియ్యరా?" అని ఆవిడ కంగారు. కవరు తీసి, నిప్పట్లు స్టీలు డబ్బాలో వేసుకుంటే పోనిచ్చారు. మన కొండమీద కూడా ప్లాస్టిక్ సీసాలు వద్దంటున్నారు కాబట్టి నాకేం కొత్తగా అనిపించలేదు.

పడవ గంటసేపు పోతుంది. రెండుపక్కలా దీవులు, ఒడ్డునంతా మడచెట్లు, వాటి వేర్లు సాలీడు కాళ్ళ మాదిరి నీళ్ళలో దిగి ఉంటాయి. నీళ్ళ రంగు ముదురు నీలం నుంచి నెమలికంఠం రంగుకు, దాన్నుంచి లేత ఆకుపచ్చకు మారుతూ వచ్చింది. పట్టుచీరల కొట్లో కూడా అన్ని రకాలు ఒకేసారి పరచరు. దీవి దగ్గరకు రాగానే పెద్ద పడవ ఆపి, అడుగున అద్దం బిగించిన చిన్న పడవల్లోకి ఎక్కించారు. ఒక్కో దాంట్లో పదిమంది దాకా చుట్టూ కూర్చుని, తలలు వంచి మధ్యలోకి చూడాలి. మా పడవవాడు తెలుగబ్బాయే.

మొదట ఇసుక, తర్వాత కొన్ని నల్లరాళ్ళు. "ఇంతేనా" అనుకునేలోపే తోట మొదలైంది. నిజంగానే తోట. జింక కొమ్ముల మాదిరివి, క్యాలీఫ్లవర్ మాదిరివి, దోసెల్ని ఒకదానిమీద ఒకటి దొంతర పెట్టినట్టున్నవి, మనిషి మెదడు మాదిరి గీతలున్న పెద్ద గుండ్లు. గోధుమరంగు, ఊదా, ఆవపిండి పసుపు. వాటి సందుల్లో నీలం చేపలు, చారల చేపలు, పిల్లలు సినిమాలో చూసే నారింజరంగు నీమో చేప. ఒకచోట రెండు చేతుల వెడల్పు ఆల్చిప్ప ఒకటి నోరు తెరుచుకొని ఉంది. పెదవులు నీలం మఖమలు గుడ్డ మాదిరి మెరుస్తున్నాయి. మా పడవ నీడ దానిమీద పడగానే టక్కున నోరు మూసుకుంది.

అత్తమ్మ ఒక్కసారి వెనక్కు జరిగింది. "ఇది మూసుకుంటా ఉందే! పానముంది దీనికి!" అంది.

ఆల్చిప్పకే కాదు, ఆ కొమ్మలకూ, గుండ్లకూ ప్రాణముంది. మనం రాయి అనుకుంటాం, లేదా చెట్టు అనుకుంటాం. పగడం ఈ రెండూ కాదు, జంతువు. ఒక్కో ప్రాణి గోరంత కూడా ఉండదు, మెత్తగా ఉంటుంది. సముద్రపు నీళ్ళలోని సున్నం తీసుకొని తన చుట్టూ తానే గట్టి గూడు కట్టుకుంటుంది. అట్లాంటివి లక్షలు, కోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టుకుంటూ పోతే మనకు కనబడే కొమ్మ అవుతుంది. కొమ్మల రకం ఏడాదికి కొన్ని అంగుళాలు పెరుగుతుంది. గుండ్ల రకమైతే ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అంటే మనిషి ఎత్తు గుండు కనబడిందంటే అది మా తాతముత్తాతల నాటిది.

ఇంకో తమాషా వినండి. ఈ ప్రాణి ఒంట్లో కంటికి కనబడనంత సన్నటి నాచు కాపురముంటుంది. ఎండను పట్టి వంట చేసేది ఆ నాచే. చేసిన దాంట్లో ఎక్కువ భాగం ఇంటివాళ్ళకు పెట్టేస్తుంది. పగడానికి ఆ రంగులు కూడా ఎక్కువగా ఈ నాచు ఇచ్చినవే. ఉండడానికి చోటిస్తే వంట చేసిపెట్టి, ఇంటికి రంగు కూడా వేసే అద్దెవాళ్ళు! మనకు దొరికితే ఎంత బాగుణ్ణు.

ఈ కాపురానికి పెద్ద శత్రువు వేడి. ఎండాకాలంలో ఉండే మామూలు వేడికంటే సముద్రం ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అట్లాగే ఉంటే చాలు, పగడం ఆ నాచును బయటికి వెళ్ళగొట్టేస్తుంది. వంటావిడ పోయిన ఇల్లు తెల్లబోతుంది. మాటవరసకు కాదు, నిజంగానే పాలలాగా తెల్లగా అయిపోతుంది. వేడి తొందరగా తగ్గితే నాచు మళ్ళీ వచ్చి చేరుతుంది. తగ్గకపోతే పగడం ఆకలికి చచ్చిపోతుంది. అప్పుడు దానిమీద పాచి పట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇట్లా జరిగింది. 2010లో దెబ్బ మరీ గట్టిగా తగిలింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచం మొత్తం మీద నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు. మనకైతే నలభై డిగ్రీలు నలభై ఒకటైతే ఇంకో కుండ మజ్జిగ చేసుకుంటాం. ఆ గోరంత ప్రాణికి అట్లాంటి వెసులుబాటు లేదు.

ఇవన్నీ నాకు ఆ రోజే తెలియవు. ఆ రోజు తెలిసిందల్లా ఏమిటంటే, పడవ ఇంకో వంద గజాలు పోగానే అద్దం కింద తోట అయిపోయి, విరిగిన ఎముకలు కుప్ప పోసినట్టు ఒక చోటు వచ్చింది. కొమ్మల ఆకారం ఉంది, రంగు లేదు. చేప ఒక్కటి లేదు. పడవలో అందరూ మాటలాపేశారు. "ఇదేం నాయనా, ఇట్లుంది?" అని అత్తమ్మ అడిగితే, "నేను చిన్నప్పుడు ఇది కూడా అటుపక్క లాగే ఉండేదమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. వాడికి మహా ఉంటే పాతికేళ్ళు. మా చిన్నవాడి ఈడు.

ఇది పోతే మనకేం అనుకోకండి. పగడపు దిబ్బలు దీవికి ప్రహరీగోడలు. పెద్ద అల వచ్చి ముందు దాన్ని కొట్టుకొని, సగం బలం పోగొట్టుకొని ఒడ్డుకు చేరుతుంది. గోడ తీసేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మన పక్కనే ఉన్న తమిళనాడు చాలు. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నారు సింధుశాఖలో ఇరవై ఒక్క చిన్న దీవులుండేవి. సున్నానికీ సిమెంటుకూ ఏళ్ళ తరబడి అక్కడి పగడాలు తవ్వుకుపోయారు. వాటిలో రెండు దీవులు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి.

అన్నట్టు మీలో చాలామందికి ఒక అనుమానం ఉంటుంది, నల్లపూసల్లో గుచ్చుకునే పగడం ఇదేనా అని. మా అత్తమ్మ కూడా తన మెడలోది పట్టుకొని అదే అడిగింది. కాదు. నగల్లో వాడే ఎర్రపగడం వేరే జాతి. ఎక్కువగా ఇటలీ వైపు మధ్యధరా సముద్రంలో లోతున దొరుకుతుంది. ఇక్కడి తోటల్లోది ఏరినా నగకు పనికిరాదు. పైగా ఈ రాతి పగడాలన్నీ మన వన్యప్రాణి రక్షణ చట్టంలో పులితో పాటు మొదటి పట్టికలో ఉన్నాయి. చచ్చిన ముక్క అయినా సరే, సంచీలో పెట్టుకొని రావడం నేరం. రేవులోనూ, విమానాశ్రయంలోనూ వెతుకుతారు. ఒడ్డున ఊరికే పడున్న మాట నిజమే, ఎదురింటావిడ అబద్ధం చెప్పలేదు. జాలీ బాయ్ ఒడ్డునంతా అవే. కానీ ఆ ముక్కలే నలిగి నలిగి ఇసుకవుతాయి. చిలుకముక్కు మాదిరి పళ్ళున్న చేప ఒకటి పగడాన్ని కొరికి, నాచు తిని, మిగిలింది ఇసుకగా విసర్జిస్తుందట. ఆ తెల్లటి మెత్తటి ఇసుకలో కొంత దాని చలవే. ఇది చెప్పగానే ఇసుకలో కూర్చున్న మావారు లేచి పంచె దులుపుకున్నారు.

తర్వాత రెండురోజులు చిన్న ఓడల్లో హావ్‌లాక్, నీల్ దీవులు తిరిగాం. 2018లో వీటికి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. హావ్‌లాక్‌లో బీచి అందమే, జనం ఎక్కువ. నాకు నీల్ నచ్చింది. అక్కడి పల్లెల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు పాకిస్తాను నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీలు నేల సాగుచేసుకొని, వంకాయ, గుమ్మడి, బీర పండించి మిగతా దీవులకు పంపిస్తారు. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రపు ఒడ్డున రాతి తోరణం ఒకటుంది. మన తిరుమల శిలాతోరణం చూసినవాళ్ళకు చూడగానే అదే గుర్తొస్తుంది. మనది వందకోట్ల ఏళ్ళు దాటిన కొండరాయి. ఇది పాత పగడాలు గట్టిపడి అయిన రాయి, అంటే ఆ గోరంత ప్రాణులు కట్టిన ఇల్లే. సముద్రం వెనక్కు తగ్గిన వేళ అక్కడి గుంటల్లో బతికున్న పగడాన్ని మోకాలిలోతు నీళ్ళలో చూడొచ్చు. కానీ కాలు ఇసుకమీదే పెట్టాలి. ఒకాయన సెల్ఫీ కోసం గుండుమీదికి ఎక్కబోతే మా అత్తమ్మ "దిగునాయనా, అది పానమున్నది" అని గట్టిగా అరిచింది. ఆయనకు తెలుగు రాదు, అయినా దిగాడు.

ఆఖరిరోజు రాత్రి మావారి స్నేహితుడి ద్వారా పరిచయమైన శ్రీకాకుళం వాళ్ళింట్లో భోజనం. చేపల పని చేసుకునే కుటుంబం. ఆవిడకు ముప్ఫై ఏళ్ళ కిందట పెళ్ళయి ఈ దీవికి వచ్చిందట. చింతపండు తక్కువేసి, కొబ్బరిపాలు పోసి చేపల పులుసు పెట్టింది. చివర్లో పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి, కరివేపాకుతో తిరగమాత. మన పులుసంత పులుపు ఉండదుగానీ అన్నంలోకి ఒకటికి రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. మన చిత్తూరు వైపుకంటే మూడింతల వాన పడుతుంది వాళ్ళకు. అయినా ఎండాకాలంలో కుళాయి రోజు విడిచి రోజేనని ఆవిడ బాధ. ఇద్దరం బిందెల లెక్కలు చెప్పుకున్నాం. పగడాల సంగతి ఎత్తితే, "సిన్న సేపలు గుడ్లెట్టి పెరిగేది వాటి సందుల్లోనే గదమ్మా. అవి పోయినకాడ వలేత్తే కాళీగా వత్తాది" అంది. ఆమె వాళ్ళాయన ఇప్పుడు ముందుకంటే చాలాదూరం పోవాల్సి వస్తోందట. డీజిలు ఖర్చు, రాత్రి తిరిగొచ్చేదాకా గుమ్మం దగ్గర కాపలా. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ రెండుసార్లు లేచి బయటికి చూసొచ్చింది.

వీధిలో వాళ్ళకు నేను తెచ్చింది నీల్‌లో కొన్న కొబ్బరిచిప్పల గరిటెలు, ఫోన్లో ఫోటోలు. ఎదురింటావిడ మొహం మాడ్చుకుంది. మా అత్తమ్మ ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆల్చిప్ప నోరు మూసుకున్న కథ చేతులతో చేసి చూపించింది. ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆల్చిప్ప కొంచెం పెద్దదవుతోంది.

మీరు పోవాలనుకుంటే జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కొంచెం నెమ్మదిగా ఉంటుంది. ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి. ఓడలు నెలకు కొన్నిసార్లే బయలుదేరతాయి కాబట్టి తేదీలు చూసుకున్నాకే సెలవు పెట్టించండి. జాలీ బాయ్ టికెట్టు, అనుమతి ఒకరోజు ముందే తీసుకోవాలి. చీరకంటే చుడీదారు మేలు, చిన్న పడవలోకి దిగేటప్పుడు నా అవస్థ చూడాల్సింది. పగడాలున్న నీళ్ళలోకి దిగేముందు ఎండ తగలకుండా పూసుకునే క్రీములు రాసుకోకండి. వాటిలో కొన్ని మందులు పగడాలకు పడవని హవాయి దీవుల్లో 2021 నుంచి అమ్మకమే ఆపేశారు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే సరిపోతుంది. కడుపులో తిప్పకుండా డాక్టరు చెప్పిన మాత్ర ఓడ కదలక ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. దాంతోపాటు అల్లం మురబ్బా. పావుకిలో లేత అల్లం చెక్కుతీసి మెత్తగా రుబ్బి, ముప్పావుకిలో బెల్లం ముదురుపాకంలో కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ముక్కలు కోసుకోండి. స్టీలు డబ్బాలోనే పెట్టుకోండి. ఒక డబ్బా ఎక్కువే పెట్టుకోండి, రెండోరోజుకల్లా పక్క గదివాళ్ళు వచ్చి అడుగుతారు.